తిరుగు గిన్నె

పైడిరాజు మొదటి దెబ్బ భోజనాల దగ్గర కొట్టాడు.

టైల్స్ వ్యాపారుల సమావేశం అది. చేతిలో అన్నం పళ్ళెం ఉండగానే, ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ బిల్డరు ముఖం మీద, నమూనాకి పెట్టిన గ్రానైట్ పలకతో కొట్టాడు. బిల్డరు కింద పడ్డాక కూడా కొడుతూనే ఉన్నాడు. నలుగురు మీద పడితే గానీ ఆగలేదు. ఆ నలుగురిలో ఒకరి చెవి కొరికాడు. పోలీసులు వచ్చి ఎందుకు కొట్టావని అడిగితే వెక్కి వెక్కి ఏడుస్తూ ఒకటే మాట చెప్పాడట.

"తొమ్మిది రోజులైంది సార్. నన్ను ఒక్కసారి కూడా తలుచుకోలేదు."

ఎవరో ఫోన్లో తీసిన ఆ గొడవ వీడియోను విశాఖలో, సముద్రం కనబడే ఒక చిన్న ప్రయోగశాలలో ఏడుగురు తలలు దగ్గర పెట్టి చూస్తున్నారు. ఓ మూల కుట్టుమిషను దగ్గర కూర్చున్న మాణిక్యం కాలు తొక్కడం ఆపి, లేచి వచ్చి చూసింది.

"ఆ చేతికున్న పట్టీ నేను కుట్టిందే," అంది. "ఆ ఎర్రదారం కుట్టు నాదే."

ప్రయోగశాల పెద్ద శశిభూషణ్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "వాళ్ళిద్దరికీ పాత తగాదాలున్నాయట మాణిక్యమ్మ గారూ. దీనికీ మన పట్టీకీ సంబంధం లేదు. మీరు కంగారు పడకండి."

"కంగారు పడకపోతే ఎలాగ బాబూ. నేను కంగారు పడని రోజే ఏదో ఒకటవుతాది."

అందరూ నవ్వారు. ఆమె కూతురు హైమ మాత్రం నవ్వలేదు. ఆ మాట వెనక ఏముందో హైమకి తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట, హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీకి పనికి వెళ్ళిన నాన్నను ఆ ఒక్కరోజూ అమ్మ జాగ్రత్త అని చెప్పకుండా పంపింది. అప్పుడు ఆమె పండగ బట్టలు కుడుతూ పాట పాడుకుంటోంది. పదకొండింటికి అమ్మోనియా గొట్టం పగిలింది. తాను భయపడలేదు కాబట్టే అలా జరిగిందని మాణిక్యం నమ్మకం. అప్పట్నుంచీ పొద్దున్న లేస్తూనే కడుపులో చెయ్యి పెట్టి పిసికినట్టుండే భయాన్ని ఆమె ఇంటికి కాపలా పెట్టుకుంది. పక్కటెముకల కింద అరచేత్తో నొక్కుకుంటూ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఏదో అవుతాదివేళ" అని ఆమె అనని రోజు లేదు.

చదివింది ఏడో తరగతి. కానీ ఆ ప్రయోగశాలలో తయారయ్యే వస్తువుకి మూలం ఆమే.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె కడిగి ఖాళీగా తిరిగి పంపేది కాదు మాణిక్యం. ఏమీ లేకపోతే నాలుగు మిరపకాయలో, గుప్పెడు చింతపండో వేసి మూడు రోజుల్లోగా పంపాల్సిందే. ఆ గిన్నె పట్టుకుని మెట్లెక్కి దిగడం చిన్నప్పుడు హైమ పని. పెద్దయ్యాక ఉద్యోగంలో చేరి సమావేశాలకు వెళ్ళినప్పుడు, అక్కడ జనం చేతులు కలిపి, కార్డులు ఇచ్చిపుచ్చుకుని, వారం తిరిగేసరికి ఒకరినొకరు మర్చిపోవడం చూసింది. ఆమె బల్ల సొరుగులోనే నాలుగు వందల కార్డులున్నాయి. ఒక్కదానికీ ముఖం లేదు.

"ఇవన్నీ నీకొచ్చిన గిన్నెలే కదమ్మా," అందట మాణిక్యం ఆ సొరుగు చూసి. "తిరిగి పంపలేదేటి?"

అక్కడ పుట్టింది ఆలోచన. రూపాయి బిళ్ళంత యంత్రం, మణికట్టుకి కట్టుకునే గుడ్డపట్టీలో. ఇద్దరు చేతులు కలిపితే రెండు బిళ్ళలూ అవతలివాళ్ళ నాడిని గుర్తు పెట్టుకుంటాయి. మూడో రోజున చిన్న దీపం వెలుగుతుంది. బొటనవేలు దాని మీద ఆనించి ఆ మనిషిని అర నిమిషం తలుచుకుంటే, అప్పుడు ఒంట్లో ఏముందో అది అవతలి మణికట్టుకి చేరుతుంది. మాటలుండవు. ఎండలో నడిచొచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చినట్టు, ఎవరో మనల్ని తలుచుకున్నారన్న హాయి, అంతే. అవతలివాళ్ళు మూడు రోజుల్లో తిరిగి పంపాలి. దానికి గిన్నె అనే పేరు పెట్టింది హైమ.

"కోపంగా ఉన్నప్పుడు మాత్రం నొక్కకూడదు," అని శశిభూషణ్ మొదటి రోజునే అందరికీ చెప్పాడు. "కోపమే వెళ్తుంది."

మందుల కంపెనీల వాళ్ళు, విత్తనాల డీలర్లు, కాంట్రాక్టర్లు ఎగబడి కొన్నారు. ఎక్కడో ఒకసారి కలిసిన మనిషి ఏడాది తర్వాత కూడా అన్నదమ్ముడిలా ఫోను ఎత్తుతున్నాడన్నారు. పట్టీలన్నీ మాణిక్యమే కుట్టేది. ప్రతి బిళ్ళనూ ముందు తన మణికట్టు మీద పెట్టి కొలత చూసుకునేది. అందువల్ల కూతురి బిళ్ళ ఆమె నాడిని కూడా కూతురిదే అనుకునేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

*

పైడిరాజు తర్వాత రాజమండ్రిలో ఒకడు, తన గిన్నె తిరిగి రాలేదని, మందుల దుకాణంవాడి వేళ్ళు షట్టరు కింద పెట్టి నలిపాడు. తర్వాత ఒంగోలులో ఒక ఆవిడ, తనకి గిన్నె తిరిగి పంపని మనిషిని కారుతో గుద్దేసింది. శశిభూషణ్ ఇక సంబంధం లేదని అనడం మానేశాడు. సోమవారం నాటి సదస్సులో అందరినీ పిలిచి, పట్టీలు మెల్లగా విప్పించే పద్ధతి చెప్పాలని నిర్ణయించాడు. పిలవాల్సింది ఎక్కువగా హైమ పరిచయాలనే. నమూనా చూపించడానికి ఊరూరా తిరిగి చేతులు కలిపింది ఆమే.

"మూడొందల పన్నెండు మందమ్మా," అంది హైమ శనివారం, కందిపోయిన మణికట్టుకి వెన్న రాసుకుంటూ. "రోజుకి వంద మందిని తలుచుకోవాలి. ముఖాలే గుర్తు లేక ఈ విడత ఒక్కరికీ పంపలేదు."

"గుర్తు లేనోళ్ళకి చెయ్యెందుకిచ్చావు?"

"పనిలో అలాగే ఇస్తామమ్మా."

"పక్కింటి గిన్నె మూడు రోజులుంటేనే నాకన్నం సయించదు. నువ్వు మూడొందల గిన్నెలు ఇంట్లో పెట్టుకుని పడుకుంటున్నావు. అందులో ఎంతమంది పైడిరాజులున్నారో."

"నీకు అన్నీ చెడ్డవే తోస్తాయి."

"చెడ్డవే అవుతున్నాయి కదే."

ఆదివారం హైమకి జ్వరం వచ్చింది. పట్టీ విప్పి టీవీ పక్కన పెట్టి, మాత్ర వేసుకుని మధ్యాహ్నం పడుకుంది. బిళ్ళ మీద దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మాణిక్యం రెండుసార్లు దాని పక్కనుంచి నడిచింది. మూడోసారి నిలబడిపోయింది. ఆ దీపంలో ఆమెకి ముఖాలు కనిపించాయి. ప్రతి ముఖం కిందా ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక గ్రానైట్ పలక.

పట్టీ చేతికి కట్టుకుంది.

కోపంగా ఉన్నప్పుడు నొక్కకూడదన్న మాట గుర్తుంది. తనను తాను చూసుకుంది. నాకేం కోపం లేదు అనుకుంది. కోపం లేదన్నది నిజమే.

బొటనవేలు ఆనించింది. ఎవరో ఏమిటో తెలియని మనిషిని తలుచుకుంది. 'బాబూ, నువ్వెవరివో గానీ, నా పిల్ల జోలికి రాకు. నా పిల్లకేటీ అవకూడదు.' దీపం ఆరింది. ఇంకొకటి వెలిగింది. 'అమ్మా, నా పిల్లకేటీ అవకూడదు.' మూడున్నరకి మొదలుపెట్టిన మనిషి మంచినీళ్ళకి కూడా లేవలేదు. దీపాలవేళకి చివరిది ఆరింది. మూడు వందల పన్నెండు గిన్నెలూ తిరిగి వెళ్ళిపోయాయి. ఒక్కటీ ఖాళీగా వెళ్ళలేదు.

హైమ లేచేసరికి పట్టీ టీవీ పక్కనే ఉంది. మాణిక్యం చారు పెడుతోంది.

*

సదస్సు బీచి రోడ్డు మీద ఒక హోటల్లో. పట్టీలు వదులైనవాళ్ళకి బిగించి ఇవ్వడానికి సూదుల డబ్బాతో మాణిక్యం హాలు గుమ్మం దగ్గర కూర్చుంది. లోపల రెండు వందల మంది దాకా ఉన్నారు. గోల లేదు. కార్డులు ఇచ్చుకోవడం లేదు. ఆమెకి ఏదో తేడాగా అనిపించింది.

ఒక పెద్దాయన పక్కటెముకల కింద అరచేత్తో నొక్కుకుంటున్నాడు. ఒకావిడ చున్నీ కొస వేలికి చుట్టి విప్పుతోంది, చుట్టి విప్పుతోంది. ఇద్దరు ముగ్గురు ఇళ్ళకి ఫోన్లు చేస్తున్నారు. "పాప స్కూల్నుంచి వచ్చిందా? తలుపేసుకో. ఎవరొచ్చినా తియ్యకు."

సన్యాసిరావు లోపలికి వచ్చాడు. మందుల పంపిణీదారు, మర్యాదస్తుడు, కిందటి నెల హైమకని మాడుగుల హల్వా డబ్బా పంపినవాడు. మాణిక్యం లేచి నిలబడింది. "హల్వా చాలా బాగుంది బాబూ."

అతను ఆమెను చూడలేదు. ముఖం చెమటతో తడిసి ఉంది. కళ్ళు వేదిక మీదే ఉన్నాయి.

"ఏదో అవుతాదివేళ," అన్నాడు.

ఆమె చేతిలో సూదుల డబ్బా జారింది. అది ఆమె మాట. ఇరవై రెండేళ్ళుగా ప్రతి పొద్దునా ఆమె ఒంట్లో లేచే మాట. హాలంతా చూసింది. రెండు వందల ఒళ్ళలో కూర్చుని ఉన్నది తానే.

"హైమా, రాకమ్మా," అని అరిచేలోపు హైమ వేదిక మీదకి వచ్చింది. నవ్వి నమస్కారం పెట్టింది.

రెండు వందల మణికట్లు ఆమె నాడిని గుర్తుపట్టాయి. రాత్రంతా తమను నిద్రపోనివ్వని ఆ భయం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్ళకి ఇప్పుడు కళ్ళెదుట కనబడింది. ముందు ఒక నీళ్ళ సీసా వచ్చి హైమ భుజానికి తగిలింది. తర్వాత కుర్చీ. "మా పిల్లల్ని చంపేస్తుంది," అని చున్నీ ఆవిడ కేక పెట్టింది. దాంతో హాలు లేచింది. వాళ్ళ కళ్ళల్లో పగ లేదు. ప్రతి ఒక్కరూ తమ బిడ్డను కాపాడుకుంటున్నారు. అందుకే ఎవరూ వెనక్కి తగ్గలేదు. అడ్డొచ్చిన వాలంటీరుని తొక్కుకుంటూ వెళ్ళారు. అద్దం బల్ల పగిలింది. ఒకతను ఆ ముక్క పట్టుకుని, తన అరచెయ్యి తెగుతున్నా చూసుకోకుండా, అందినవాళ్ళని కోసుకుంటూ ముందుకి నడిచాడు.

సన్యాసిరావు మైకు కర్ర పీకాడు. ఇనుప పళ్ళెం ఉన్న అడుగుభాగం పైకి తిప్పి పట్టుకున్నాడు. శశిభూషణ్ చేతులు చాపి అడ్డం నిలబడి, "సార్, మీరు నాకు తెలుసు, మనం మొన్ననే..." అన్నాడు. దెబ్బ కణత మీద పడింది. కొబ్బరికాయ రాతి మీద పడినట్టు చప్పుడైంది. ఆయన మళ్ళీ లేవలేదు. రెండో దెబ్బకి హైమ కుడి చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి మోచేతి కింద విరిగి వెనక్కి వంగింది.

మాణిక్యం వేదిక ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఎవరో జుట్టు పట్టుకుని లాగితే ఆ జుట్టు వాళ్ళ చేతిలోనే వదిలేసి పాకింది. కూతుర్ని చంకల కింద పట్టి, ఉపన్యాసాల చెక్క పెట్టె కిందకి ఈడ్చి, తాను అడ్డంగా కూర్చుంది. పైనుంచి దెబ్బలు పడుతున్నాయి. చెక్క చీలుతోంది. హైమ విరిగిన చేతినుంచి నెత్తురు గుడ్డపట్టీలోకి ఇంకుతోంది. ఎర్రదారం కుట్టు కనబడడం లేదు.

చీలిక సందులోంచి సన్యాసిరావు ముఖం కనిపించింది. కర్ర పైకెత్తాడు.

అప్పుడు మాణిక్యానికి ఒక వింత జరిగింది. భయం పోయింది.

ఇరవై రెండేళ్ళుగా దేనికోసం కాపలా కాసిందో అది వచ్చేసింది. ఇక రావలసిందేమీ లేదు. కడుపులో చెయ్యి పిడికిలి విప్పింది. గుండె నెమ్మదించింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఉండే స్థిమితం వేళ్ళలోకి వచ్చింది. కూతురి చేతినుంచి పట్టీ విప్పి తన మణికట్టుకి కట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళ నాడి పసిగట్టి దీపం మళ్ళీ వెలుగుతోంది. ఎవరిదో తెలియదు. బొటనవేలు ఆనించింది.

ఎక్కడో వెనక ఒక కుర్చీ కింద పడిన చప్పుడు, ఒక మనిషి ఏడుపు.

ఇంకొకటి. అద్దం ముక్క నేల మీద పడింది. మనుషులు ఎదుటే ఉండడంతో అర నిమిషం పట్టడం లేదు, ఊపిరికొకటి వెళ్తోంది.

"అమ్మా," అంది హైమ, "చాలామంది ఉన్నారు. ఎవరు ముందో తెలీదు."

"తెలియకపోతే ఏం. వరసనే పంపుదాం. చెయ్యి కదపకు."

కర్ర దిగింది. మాణిక్యం ఎడమ భుజం ఎముక విరిగింది. ఆమె బొటనవేలు తియ్యలేదు. నొప్పి ఎవరిదో అన్నట్టుంది. పద్నాలుగు, పదిహేను. కర్ర మళ్ళీ లేచింది. పంతొమ్మిదో దీపం ఆరగానే అది గాల్లోనే ఆగింది. సన్యాసిరావు దాన్ని కింద పెట్టాడు, ఎవరి వస్తువో వాళ్ళకి అప్పజెప్పినట్టు జాగ్రత్తగా. శశిభూషణ్ పక్కన కూర్చుని, ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, "సార్, లేవండి సార్" అనడం మొదలుపెట్టాడు.

*

శశిభూషణ్, ఇద్దరు వాలంటీర్లు, మొత్తం ముగ్గురు చనిపోయారు. నలభై మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. వేరే ఊళ్ళో, హైమకి పరిచయం లేని ఇద్దరు పట్టీని కత్తిరించుకుంటే, వాళ్ళలో ఒకడు మూడో అంతస్తునుంచి దూకాడు. రెండోవాడు సొంత తమ్ముణ్ణి పొడిచాడు. ఒంటికి అలవాటైనదాన్ని ఒక్కసారిగా తెంచకూడదని నరాల డాక్టరు లిల్లీ గ్రేస్ చెప్పింది. మూడు రోజులకి పంపేది ఐదు రోజులకి, తర్వాత ఎనిమిదికి, అలా ఎడం పెంచుకుంటూ పోవాలి. ఏడాది పట్టొచ్చు. పంపేటప్పుడు మనసు నిమ్మళంగా ఉండాలి.

హైమ ఎడమ చేత్తో ఒక్కసారి ప్రయత్నించింది. అవతలి మనిషి ఆసుపత్రి మంచం కమ్మీకేసి పళ్ళు రాలేలా ముఖం కొట్టుకున్నాడు. ఆమె పంపింది ఆ హాల్లోని భయాన్నే.

"నేనే పంపుతాను," అంది మాణిక్యం. "అమ్మలూ, ఆ ఆదివారం నువ్వు పడుకున్నప్పుడు..."

"తెలుసమ్మా. ఎవరికి ఎప్పుడు వెళ్ళిందో ఫోన్లో ఉంటుంది. రెండున్నర గంటలు కూర్చున్నావు. ఒక్కరినీ వదల్లేదు."

హైమ ఎడమ చేత్తో తల్లి చెంప తుడిచింది. ఆ చేతికి అలవాటు లేక గోరు గీసుకుంది.

మాణిక్యానికి భయం మళ్ళీ వచ్చేసింది, మర్నాడే. పొద్దున్న లేస్తూనే అదే పిసుకుడు. నిమ్మళం కావాలంటే ఆమెకి తెలిసిన దారి ఒకటే. వంటింట్లో పీట మీద కూర్చుని, నెత్తురు ఎండి గట్టిపడ్డ ఆ పాత పట్టీని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ చెక్క పెట్టె కిందకి తిరిగి వెళ్ళాలి. చీలిక సందులోంచి ఆ ముఖం చూడాలి. కర్ర లేవాలి. అప్పుడు గుండె నెమ్మదిస్తుంది. పంపిన ప్రతిసారీ కూతురు చెయ్యి ఆమె ముందు మళ్ళీ విరగాలి. హైమ ఫోను చూసి పేర్లు చదివేది. ఆమె వేలు ఆనించేది. వాళ్ళెవరూ తిరిగి ఏమీ పంపలేదు. పంపే ధైర్యం ఎవరికీ లేదు.

మూడు వందల పదకొండు అయ్యాక హైమ ఫోను తిరగేసి పెట్టేసేది. ఇంకొక దీపం వెలుగుతూనే ఉండేది.

రెండు విడతలు అలాగే గడిచాయి. మూడో విడతకి ముందురోజు డాక్టరు లిల్లీ గ్రేస్ ఇంటికి వచ్చింది. సన్యాసిరావుని జైలు ఆసుపత్రిలో, పట్టీ తియ్యకుండా, చేతులు వదిలి మంచానికి కట్టేశారట. అంతకుముందే గోడకేసి కొట్టుకుని నుదురు ఎముక చిట్లిందట. "ఇలాగే ఉంటే ఈ వారం దాటడు," అంది. "పంపమని నేనడగను. చెప్పాలి కాబట్టి చెప్పాను."

మర్నాడు పొద్దున్న మూడు వందల పదకొండూ అయ్యాయి. హైమ ఫోను తిరగేయలేదు.

"శశిభూషణ్ సార్ని చంపాడు," అంది.

"ఊఁ."

"నా చెయ్యి ఇక తిన్నగా రాదు."

"ఊఁ."

"పంపుతావా?"

వాడు చావాలని మాణిక్యానికి ఎన్నిసార్లు అనిపించిందో లెక్క లేదు. వాడి నుదురు గోడకి తగిలే చప్పుడు రాత్రంతా ఊహించుకుంది. అందులో కొంచెం తృప్తి కూడా ఉంది. కానీ ఆ ఒంట్లో ఉన్నది ఎవరిదో ఆమెకి తెలుసు. ఆ భయం ఆమె వండింది. ఆమె గిన్నెలో పోసింది. ఆ మనిషి అడగకుండానే ఇచ్చింది.

పట్టీ ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మిగతా మూడు వందల పదకొండు మందికీ నిమ్మళం పంపడానికి ఇన్నాళ్ళూ ఆమె చూసుకున్నది ఈ ముఖాన్నే. ఇప్పుడు కొత్తగా తలుచుకోవలసిన పని లేకపోయింది. సందులోంచి వాడు చూశాడు. కర్ర లేచింది. గుండె నెమ్మదించింది. బొటనవేలు ఆనించింది.

దీపం ఆరింది.

"అయిపోయింది," అని లేవబోయింది. మణికట్టు వెచ్చబడింది.

"అమ్మా," అంది హైమ ఫోను చూస్తూ. "ఆయన తిరిగి పంపుతున్నాడు. తీసెయ్, వద్దు."

మాణిక్యం తియ్యలేదు. ముందు సన్నగా, తర్వాత గట్టిగా అది చేతిలోంచి పైకి పాకింది. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి పిసికినట్టు. దడ. ఏదో అవుతాదన్న అలజడి. ఇరవై రెండేళ్ళుగా ఆమెకి దాని అణువణువూ తెలుసు. చిన్న తేడా కూడా లేదు. ఆ ఆదివారం తాను ఏది పోసి పంపిందో అదే, తొణక్కుండా, తిరిగి వచ్చింది.

"ఏం పంపాడమ్మా?"

"మనదే," అంది మాణిక్యం.

కొంగు వేలికి చుట్టుకుని, అరచెయ్యి పక్కటెముకల కింద నొక్కి పెట్టుకుని, ఆ భయమంతా తనలోకి వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత లేచి, కూతురికి అన్నం కలిపి పెట్టడానికి చెయ్యి కడుక్కుంది.